పీపాయిలో మాగిన నల్లబీరు



మన యిండ్లలో ఆవకాయజాడీ మూత తీసినపుడు పెద్దవారు తొలుత రుచి చూడరు, వాసన చూతురు. ఆ వాసననుబట్టియే యది మాగినదో చెడినదో చెప్పుదురు. మాగుట వేఱు, చెడుట వేఱు. కాని యీ రెంటి నడుమ నున్న గీత యెక్కడ నున్నదో చెప్పుట సులభము కాదు. ఒక యింటివారికి మాగినదిగా దోచినది మఱియొక యింటివారికి జెడినదిగా దోచును. నేడు నేను చెప్పబోవు చరిత్ర యట్టి యొక వస్తువును గూర్చినది. అది మన దేశమున బుట్టినది కాదు. ఇంగ్లండు దేశమున, లండను నగరమున బుట్టినది. దానిని ద్రాగుమని చెప్పుటకు గాని, త్రాగవలదని చెప్పుటకు గాని నేను బూనుకొనలేదు. చిన్న గాజుగిన్నెలో బోసిన నల్లని పానీయమొకదానియందు మూడువందల యేండ్ల చరిత్ర యెట్లు నిలిచియున్నదో చూపుటయే నా యుద్దేశము.

ఆ పానీయము పీపాయిలో మాగబెట్టిన గట్టి నల్లబీరు. దానిని రుచి చూచు పద్ధతి మొదట జెప్పెదను. సామాన్యమైన బీరును బెద్ద గ్లాసులో బోసి, చల్లగా, గడగడ త్రాగుదురు. దీని నట్లు త్రాగరు. కాడగల చిన్న గిన్నెలో నాలుగైదు గుక్కలకు సరిపడునంత పోసి, అఱచేతి వేడిమి దానికి దగులునట్లు కొంతసేపు పట్టుకొందురు. దీపమునకు అడ్డముగా బెట్టినను వెలుగు దానిగుండ రాదు. పైనుండు నురుగు తెల్లనిది కాదు, గోధుమవన్నె కలది. ముక్కుదగ్గఱకు దెచ్చినచో వేయించిన కాఫీగింజల వాసన, బెల్లపుపాకము వాసన, దాని వెనుక కలప వాసన, విస్కీ వాసన క్రమముగా దెలియును. నాలుకపై మొదట తీపి, పిదప చేదు, చివరకు గొంతులో వెచ్చదనము. సామాన్యమైన బీరులో మద్యసారము నూటికి 4 లేక 5 పాళ్లుండగా, ఇందులో 10 మొదలు 15 పాళ్ల వఱకు నుండును. ఒక్కొక్కప్పుడు తుదిని సన్నని పులుపు కూడ తోచును. ఆ నలుపు, ఆ ఘాటు, ఆ కలపవాసన, ఆ పులుపు, ఇవి యన్నియు నొక్క కాలమున వచ్చి చేరినవి కావు. ఒక్కొక్కదానికి నొక్కొక్క కారణము గలదు. వానిని వరుసగా విప్పి చూతము.

బీరనగా యవధాన్యముతో జేయు పానీయము. బార్లీ యనబడు యవలను నానబెట్టి, మొలకలు రాగానే యెండబెట్టుదురు. దీనికి మాల్టు అని పేరు. దానిని విసరి వేడినీటిలో నానవేసి, వచ్చిన తియ్యని నీటిని హాప్సు అను తీగెపువ్వులతో గాచి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెట్టుదురు. హాప్సుపువ్వు చేదిచ్చుటయే కాక, బీరు త్వరగా చెడకుండ గాపాడును. మన తాటికల్లు ఉదయమున లొట్టి దింపినపుడు తియ్యగానుండి, సాయంకాలమునకు బులిసి, మఱునాటికి బనికిరాకుండ బోవుట మీ రెఱిగినదే. బీరు నెలలకొలది నిలుచుటకు ఆ పువ్వే ముఖ్యకారణము.

18వ శతాబ్దపు మొదటి భాగమున లండను నగరమునందు గోధుమవన్నె మాల్టుతో జేసి, చాలకాలము మాగబెట్టిన బీరొకటి మిక్కిలి వ్యాప్తి జెందెను. థేమ్సునదీతీరమున నోడలనుండి సరకులు దింపు కూలీలును, వీధులలో బరువులు మోయు హమాలీలును దాని నెక్కువగా ద్రాగుచుండిరి. ఇంగ్లీషున బరువులు మోయువానిని పోర్టరందురు. కావున ఆ బీరునకును పోర్టరు అనియే పేరు వచ్చెను. 1722వ సంవత్సరమున రాల్ఫు హార్వుడు అనునొకడు దీనిని గనిపెట్టెనని చాలకాలముగా జెప్పుకొనుచున్నారు. కాని యా కథ ఆ కాలపువారి వ్రాతలలో గానరాదు. చాల యేండ్లకు బిదప పుట్టినది. కావున చరిత్రకారులు దానిని నమ్మరు. ఎవడో యొక్కడు కనిపెట్టినది కాదు. పలువురు కాచువారి చేతులలో గొంచెము కొంచెముగా రూపొందినది.

ఈ పోర్టరు పీపాయిలలో నొక యేడాది, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నిలువయుండెడిది. కలప రంధ్రములలో నివసించు సూక్ష్మజీవులు మెల్లమెల్లగా పనిచేసి, తీపిని దగ్గించి, ఒకవిధమగు పులుపును ఘాటైన వాసనను గల్పించెడివి. ఆనాటివారు క్రొత్తబీరును మెత్తనిదనియు, మాగినదానిని బాతదనియు ననుచుండిరి. వారు వాడిన ఆ పాతది యను మాటయే నేటి యింగ్లీషున చద్దిది, పాడైనది యను నర్థమున నున్నది. కాని యా కాలమున నది ప్రశంస. పాతబీరునకే ధర హెచ్చు. ఆ పులుపునకు మరగిన నాలుకలకు గ్రొత్తబీరు చప్పగా దోచెడిది.

ఇచ్చట నొక చిక్కు గలదు. యవలను నేడు కొని, బీరును మఱుసటియేట అమ్మవలెను. అంతకాలము పెట్టుబడి పీపాయిలలో నిలిచియుండవలెను. చిన్నవర్తకున కది సాధ్యము కాదు. కావున పోర్టరు వ్యాపారము క్రమముగా గొందఱు ధనికుల చేతులలోనికి బోయెను. చిన్న పీపాయిలు వేలకొలది నిలువచేయుటకంటె ఒక పెద్ద తొట్టి కట్టుట చౌక యని వారు గ్రహించిరి. ఓకు కలపపలకలను నిలువుగా జేర్చి, చుట్టును ఇనుపపట్టాలు బిగించి, ఇండ్లంత యెత్తుగల తొట్లను గట్టిరి. బండిచక్రమునకు బట్టా తొడుగు విధమే యిది. ఆ పట్టా బిగువుననే పలకలు నిలుచును. తరువాత నీ తొట్లు వ్యాపారుల గొప్పతనమునకు గుఱుతులైనవి. 18వ శతాబ్దపు చివరిభాగమున మ్యూ అను వర్తకుడు తన గ్రిఫిను కార్ఖానాలో గట్టించిన తొట్టిలో 200 మంది కూర్చుండి విందారగించిరని చెప్పుదురు. ఒకనిదానికంటె మఱియొకనిది పెద్దదిగా నుండవలెనను పోటీ బయలుదేఱెను.

ఆ పోటీకి మూల్యము చెల్లించినవారెవరో యిపుడు చెప్పెదను.

లండనులో టాటెన్‌హాంకోర్టు వీథిమూలను హార్సుషూ అను పోర్టరు కార్ఖానా యుండెను. పైని జెప్పిన మ్యూగారి కుమారుడు హెన్రీ మ్యూ దానికి యజమాని. దాని వెనుక సెయింటు జైల్సు అను పేటలో ఐర్లండునుండి వచ్చిన బీదకుటుంబములు ఇఱుకిండ్లలోను, నేలమాళిగలలోను గాపురముండెను. 1814 అక్టోబరు 17వ తేదీ సాయంకాలము నాలుగున్నర గంటలకు గిడ్డంగి గుమాస్తా జార్జి క్రిక్కు అనునాతడు, 22 అడుగుల యెత్తుగల తొట్టినుండి యొక యినుపపట్టా జాఱిపడుట చూచెను. ఆ పట్టా బరువు 700 పౌనులు, అనగా 300 కిలోగ్రాములకు బైమాట. ఆ తొట్టిలో పదినెలలు మాగిన పోర్టరు 3,555 పీపాయిల కొలత, అంచునకు నాలుగంగుళములు తక్కువగా, నిండియుండెను. లీటర్లలో జెప్పినచో నది యైదున్నర లక్షలకు మించును. పట్టాలు జాఱుట ఏడాదికి రెండు మూడుసార్లు జరుగునదే కావున నతడు భయపడలేదు. పైవానికి దెలుపగా, దానివలన నపాయమేమియు లేదని ప్రత్యుత్తరము వచ్చెను. తరువాత బాగుచేయించుటకై యతడొక చీటి వ్రాసికొనెను. గంటసేపు గడచెను. ఆ చీటి యతని చేతిలో నుండగనే తొట్టి పగిలెను.

ఆ పెల్లున ప్రక్కతొట్టి మర గూడ నూడెను. మఱికొన్ని పీపాయిలు పగిలెను. కార్ఖానా వెనుకగోడ కూలి, బీరు వెల్లువయై వెనుకవీథి యిండ్లపై బడెను. ఎలినారు కూపరు అను 14 ఏండ్ల పనిపిల్ల పెరటిలో గిన్నెలు తోముచు గోడక్రింద బడి చనిపోయెను. ఒక యింటిలో దల్లితో గూర్చుండి తేనీరు త్రాగుచున్న నాలుగేండ్ల బాలిక కొట్టుకొనిపోయెను. మఱియొక నేలమాళిగలో, ముందటిదినము చనిపోయిన రెండేండ్ల బిడ్డ శవముకడ ఐర్లండువారు కూర్చుండి జాగరణము సేయుచుండిరి. వెల్లువ వారిమీద బడెను. ఆ బిడ్డ తల్లియు, తోడనున్న మఱి నలుగురును మరణించిరి. మొత్తము చనిపోయినవా రెనమండుగురు. అందఱును స్త్రీలును బిడ్డలునే. కార్ఖానా పనివారిలో నొక్కడును జావలేదు.

వీథులలో బీరు పాఱగా జనులు దోసిళ్లతో ద్రాగి, త్రాగి చచ్చిరని తరువాత గొందఱు కథలు కల్పించిరి. ఆ నాటి పత్రికలలో నా మాట లేదు. జనులు గొంతులెత్తక నిశ్శబ్దముగా నిలిచి, శిథిలముల క్రిందినుండి మూలుగులు వినవచ్చునేమో యని చెవియొగ్గిరి. రెండు దినములకు విచారణ జరిగెను. ఈ మరణములు యాదృచ్ఛికముగా, దురదృష్టవశమున సంభవించినవని పంచాయతీదారులు తీర్పుచెప్పిరి. కార్ఖానావారికి 23,000 పౌనుల నష్టము వచ్చెను. వారు పార్లమెంటును బ్రార్థించి, ఆ బీరుపై ముందే కట్టిన పన్నులో 7,250 పౌనుల వఱకు దిరిగి రాబట్టుకొనిరి. చనిపోయినవారి కుటుంబములకు గార్ఖానా పక్షమున బరిహారము లేదు. చూడవచ్చినవారు వేసిన చిల్లరడబ్బులే వారి యంత్యక్రియలకు దోడ్పడెను. కార్ఖానా 1921 వఱకు నచ్చటనే నడచెను. నేడా స్థలమున 1929లో దెఱచిన డొమినియను అను నాటకశాల యున్నది.

ఇంక రంగునుగూర్చి చెప్పెదను. తొలినాటి పోర్టరు నేటివలె గాటుకనలుపు కాదు. ముదురు గోధుమవన్నె కలది. కట్టెలమంటపై నెండబెట్టిన మాల్టే దాని కా వన్నె నిచ్చెను. 1784లో రిచర్డ్‌సను అనునాతడు సాకరోమీటరను పరికరమును గూర్చి గ్రంథము ప్రకటించెను. తియ్యని నీటిలో జక్కెర యెంతయున్నదో యది కొలిచి చెప్పును. దానితో గొలిచి చూడగా, గోధుమవన్నె మాల్టు చౌకయే యైనను, దానినుండి వచ్చు సారము తక్కువ యనియు, తెల్లమాల్టే గిట్టుబాటనియు వెల్లడియయ్యెను. వర్తకులు తెల్లమాల్టునకు దిరిగిరి. కాని బీరు తెల్లబడగా కొనువారు సమ్మతింపరు. కావున మాడ్చిన చక్కెర మొదలగు రంగులు కలుపసాగిరి. 1816లో బార్లమెంటు మాల్టు, హాప్సు తప్ప వేఱేమియు గలుపరాదని చట్టము చేసెను. మఱుసటియేడే, 1817లో, డేనియలు వీలరు అనునాతడు దీనికి ఉపాయము కనిపెట్టి హక్కుపత్రము పొందెను. కాఫీగింజలవలె మాల్టును ఇనుపపీపాలో బోసి, నిప్పుపై ద్రిప్పుచు, బొగ్గగుటకు ముందుగా నాపి, నీటితో జల్లార్చుటయే యా యుపాయము. ఇట్టి నల్లమాల్టు పిడికెడు చాలును, కుండెడు నీటిని నల్లబఱచును. గిన్నెలోని యా నలుపును, ఆ కాఫీవాసనయు వీలరు పీపాలోనుండి వచ్చినవే.

ఘాటునకు గారణము వేఱు. గట్టిపోర్టరును స్టౌటు పోర్టరనిరి; క్రమముగా స్టౌటు అను మాటయే నిలిచెను. లండనులో సౌత్‌వర్కుపేటయందు థ్రేలు అనునాతని కార్ఖానా యుండెను. అతడు 1781లో మరణింపగా, ప్రసిద్ధ నిఘంటుకర్త శామ్యూలు జాన్సను మరణశాసనకార్యకర్తలలో నొకడై, సిరాబుడ్డి కలము ధరించి, దాని యమ్మకమున దిరిగెను. కార్ఖానా 1,35,000 పౌనులకు బార్‌క్లే, పెర్కిన్సు అనువారి వశమయ్యెను. ఇచ్చటి గట్టిపోర్టరు రుష్యాచక్రవర్తిని కాథరీను ఆస్థానమునకు బోవుచుండెననియు, అది యేడేండ్లు నిలుచుననియు 1796లో జిత్రకారుడు ఫారింగ్‌టను తన దినచర్యలో వ్రాసికొనెను. 1822లో రుష్యా ప్రభుత్వము ఇంగ్లండు సరకుల బెక్కింటిని నిషేధించియు, పోర్టరును మాత్రము విడిచిపెట్టెను. బాల్టికు సముద్రముగుండ సాగిన యీ వర్తకమువలన నా బీరునకు రుష్యా చక్రవర్తిస్టౌటని పేరు కలిగెను. మద్యసారము హెచ్చుగా నున్న బీరు త్వరగా జెడదు. కావున ఆ బలము మొదట విలాసమునకే కాదు, దూరప్రయాణమునకును బనికివచ్చెను.

మన తీరమునకును ఆ నల్లబీరు వచ్చినది. ఇండియాకు బంపినది తెల్లని బీరని, దానికి మన దేశపు పేరే పెట్టిరని చాలమంది యెఱుగుదురు. అది ముఖ్యముగా దొరల భోజనపుబల్లలపైకి జేరెను. కంపెనీ పటాలములలోని తెల్లసోల్జర్లకు వేలకొలది పీపాయిలలో వచ్చినది పోర్టరే. ఆఫ్రికాఖండమును జుట్టి, నెలలకొలది యెండలో బ్రయాణముచేసి యది వచ్చుచుండెను. మద్రాసున కప్పుడు కట్టిన రేవు లేదు. ఓడలు దూరముగా లంగరు వేయగా, పలకలను మేకులు లేక నారత్రాటితో గుట్టిన మసూలా పడవలపై మన పల్లెకారులు కెరటములను దాటించి సరకును దీరమునకు దెచ్చుచుండిరి. ఇతర సరకులతోబాటు ఆ పీపాయిలును అట్లే దిగినవి. లండనుకూలీల బీరును మద్రాసుతీరమునను మోసినవారు కూలీలే.

1830 తరువాత ఇంగ్లండున జనుల రుచి మాఱసాగెను. పులుపెక్కిన పాతబీరునకు బదులు క్రొత్తబీరును గోరిరి. క్రొత్తది వారములలో నమ్ముడుపోవును. ఏడాది నిరీక్షింప బనిలేదు. వర్తకులకును అదియే లాభము. ఆ శతాబ్ది ముగియునాటికి బెద్దతొట్లు చాలవఱకు విప్పివేయబడెను. సరిగా నపుడే, 1904లో, డెన్మార్కునందలి కార్ల్సుబర్గు పరిశోధనశాలకు జెందిన క్లౌసెను అను శాస్త్రజ్ఞుడు లండనునకు వచ్చి, మాగిన ఇంగ్లీషుబీరునకు బ్రత్యేకమైన రుచి నిచ్చునది మెల్లగా పనిచేయు నొకజాతి యీస్టని వెల్లడిచేసెను. దానికి బ్రిటను శిలీంధ్రమను నర్థమిచ్చు బ్రెట్టనోమైసిసు అను పేరు పెట్టెను. రెండువందల యేండ్లు ఆ తొట్లలో నెవరు పనిచేసిరో తెలియువేళకు దొట్లే లేకుండ బోయినవి. తరువాత 1914 మొదలు 1918 వఱకు జరిగిన యుద్ధమున ధాన్యపు నిర్బంధములచేతను బన్నులచేతను బీరు బలము తగ్గెను. బార్‌క్లేవారి చక్రవర్తిస్టౌటు మాత్రము నిలిచి, 1955లో వారు కరేజి కంపెనీలో గలిసిన పిదపను సాగి, 1993లో నాగిపోయెను. 2011లో మఱల దానిని గాచిరి.

గిన్నెలో మిగిలినది కలపవాసన. అది లండనుది కాదు. పోర్టరు కాచినవారు కలప రుచిని గోరలేదు. అమెరికా ఓకు వాసన బీరున కంటునని దానికంటె బాల్టికుతీరపు ఓకునే మెచ్చుకొనిరి. అమెరికాదేశమున బోర్బనను విస్కీని లోపల గాల్చి బొగ్గుపఱచిన క్రొత్త ఓకుపాత్రలోనే నిలువచేయవలెనని చట్టము గలదు. కావున నొకసారి వాడిన పీపాయి వారికి మఱల బనికిరాదు. అట్టివి లక్షలకొలది మిగులును. 1990 తరువాతి దశకమున జికాగో నగరమునందలి గూసు ఐలండు కార్ఖానావారు వానిలో గట్టి నల్లబీరును బోసి నెలలకొలది యుంచిరి. కాల్చిన ఓకునుండి వెనిల్లావాసనయు, కలపలో నింకిన విస్కీఘాటును బీరునకు బట్టెను. అది చూచి లోకమందలి పలుకార్ఖానాలు అనుసరించినవి. ఒక దేశపు చట్టము వలన మిగిలిపోయిన పీపాయి, మఱియొక దేశపు పాతబీరున కిట్లు క్రొత్తజన్మ మిచ్చెను.

ఒక్క విశేషము చెప్పి ముగించెదను. ఆ చికాగోవారి 2015వ సంవత్సరపు సరకులో గొన్ని సీసాలు పులిసినవి. పీపాయిలనుండి చేరిన పులుపు సూక్ష్మజీవులే కారణము. కొన్నవారు చెడినదని ఫిర్యాదుచేయగా, కంపెనీవారు సొమ్ము తిరిగియిచ్చి, మఱుసటియేడు మొదలుకొని బీరును వేడిచేసి సూక్ష్మజీవులను జంపి సీసాలలో బోయసాగిరి. మూడువందల యేండ్ల క్రిందట లండనుకూలీ, పీపాయిలో బులుపెక్కినదనియే యెక్కువ ధరయిచ్చి కొనెను. నేటివాడు పులిసినదనియే సొమ్ము తిరిగి యడిగెను. రెండు పులుపులును సరిగా నొక్కటి కాకపోవచ్చును. కాని రెండును గలపలో నిలువయుండుటవలన వచ్చినవే. ఆ కూలి నాలుక మొద్దుదియు కాదు, నేటివాని నాలుక తెలివితక్కువదియు కాదు. ఎవరి నాలుక కేది యలవాటో యదియే వారికి మాగినది, తక్కినది చెడినది.

రుచులనుగూర్చి యిట్లు తీర్పులు మాఱవచ్చును. దానివలన నెవరికిని గీడులేదు. కాని జాఱిన పట్టాను జూచి ఇందులో నపాయమేమియు లేదనుట అట్టిది కాదు. సెయింటు జైల్సుపేటలో మరణించిన యా యెనమండుగురికి, 1814లో వచ్చిన తీర్పు యాదృచ్ఛికమని. రెండువందల యేండ్లు గడచినను ఆ తీర్పు మన మనస్సునకు నచ్చుటలేదు. మన యూళ్లలోను జెఱువుకట్టకు గండిపడునపుడు మొదట సన్నని చెమ్మయే కనబడును. కట్టపై నడచువానికంటె, కట్టక్రింద గాపురమున్నవానికే దానితో నెక్కువ పని. చెమ్మ చూచిననాడే గంప మట్టి వేయువాడు పెద్దమనుష్యుడు.